పాత మియాటాకి స్ప్రింగులు, బ్రేకులు మార్చడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇక్కడ చెప్పేదంతా మాజ్డా ఎంఎక్స్-5 మొదటి తరం కారు గురించి. 1989 ఫిబ్రవరిలో చికాగో ఆటో షోలో జనం ముందుకొచ్చి, 1997 దాకా తయారైన బండి. అవసరమైనప్పుడు పైకి లేచే హెడ్‌లైట్లు, రెండే సీట్లు, వెనక చక్రాలకు పవర్, బరువు సుమారు 1,000 కిలోలు. అమెరికాలో మియాటా అంటారు, జపాన్‌లో యూనోస్ రోడ్‌స్టర్ పేరుతో అమ్మారు. అమెరికాలోనో బ్రిటన్‌లోనో ఈ కారు కొనుక్కుని, శని ఆదివారాల్లో ఇంటి గరాజ్‌లో సొంతంగా పని చేసుకునే మనవాళ్లను దృష్టిలో పెట్టుకుని రాశాను.

ముందు ఏవి మార్చాలి? స్ప్రింగులా, బ్రేకులా?

రెండూ కాదు. ముందు టైర్లు చూడండి. టైరు పక్కన డాట్ అక్షరాల తర్వాత చివర ఉండే నాలుగు అంకెల్లో మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. వారాంతాల్లో మాత్రమే బయటకు తీసే కార్లకి టైర్లు అరగవు, గట్టిపడతాయి. గాడులు లోతుగా కనిపిస్తున్నా రబ్బరు చచ్చిపోయి ఉంటుంది. పదేళ్ల నాటి టైర్ల మీద కొత్త బ్రేకులు వేస్తే డబ్బు దండగ.

తర్వాత బ్రేక్ ఆయిల్, బ్రేక్ గొట్టాలు, బుష్‌లు (సస్పెన్షన్ కీళ్లలో ఉండే రబ్బరు ముక్కలు), బాల్ జాయింట్లు (గుండ్రంగా తిరిగే కీళ్లు), షాకులు (షాక్ అబ్జార్బర్లు). ముప్పై ఏళ్లు దాటిన కారు ఇది. "మెత్తగా ఉంది, ఊగుతోంది, బ్రేకు సరిగ్గా పట్టడం లేదు" అని చెప్పేవాళ్లలో చాలామంది నడుపుతున్నది మాజ్డా తయారుచేసిన కారు కాదు, అరిగిపోయిన కారు. దాన్ని ముందు కొత్తదానిలా చేసి ఒక నెల నడపండి. ఆ తర్వాత కూడా ఇంకా కావాలనిపిస్తే అప్పుడు అప్‌గ్రేడ్ గురించి ఆలోచించవచ్చు. చాలామందికి ఆ అవసరమే రాదని నా గట్టి నమ్మకం.

షాకులు పోయాయని ఎలా తెలుస్తుంది?

కారు మూల మీద చేత్తో నొక్కి వదిలే పరీక్ష అందరికీ తెలుసు. పూర్తిగా పాడైన షాకుని మాత్రమే అది పట్టిస్తుంది. సగం పోయిన షాకు ఆ పరీక్షలో పాసవుతుంది. అంతకన్నా మంచిది చక్రం విప్పి చూడటం. షాకు ఒంటి మీద నూనె తడి, దానికి అంటుకున్న నల్లటి మట్టి కనిపిస్తే లోపలి సీలు పోయినట్టే. పైనున్న రబ్బరు బూటు చిరిగిందా, దాని లోపలి బంప్ స్టాప్ (చక్రం మరీ పైకి వచ్చినప్పుడు ఆపే మెత్తటి దిమ్మ) ముక్కలు ముక్కలుగా రాలిపోతోందా అన్నది కూడా చూడండి. ఈ వయసు కార్లలో బంప్ స్టాప్ వేలితో ముట్టుకుంటే పొడి అయిపోవడం మామూలే.

నడిపేటప్పుడైతే వంపులో గతుకు తగిలినప్పుడు గమనించండి. వెనక భాగం పక్కకి ఒక అంగుళం జరిగినట్టు అనిపిస్తే షాకు చక్రాన్ని రోడ్డుకి అదిమి ఉంచలేకపోతోంది.

పాత షాకుల మీదే గట్టి స్ప్రింగులు వేయొచ్చా?

వద్దు. స్ప్రింగు శక్తిని దాచుకుని తిరిగి ఇచ్చేస్తుంది. ఆ ఊపుని ఆపే పని షాకుది. స్ప్రింగు ఎంత గట్టిదైతే అంత గట్టిగా వెనక్కి తంతుంది, దాన్ని అదుపు చేయడానికి షాకులో కూడా అంత బలం ఉండాలి. పాత షాకు మీద కొత్త స్ప్రింగు వేస్తే బండి గట్టిగానూ ఉంటుంది, ఊగుతూనూ ఉంటుంది. స్ప్రింగు, షాకు, బంప్ స్టాప్ మూడూ కలిపి ఒకే వస్తువుగా కొనండి.

స్ప్రింగుల మీద రాసే అంకెలకి అర్థం ఏమిటి?

అమెరికా కంపెనీలు ఒక అంగుళం నొక్కడానికి ఎన్ని పౌండ్లు కావాలో రాస్తాయి. జపాన్ కంపెనీలు ఒక మిల్లీమీటరుకి ఎన్ని కిలోలో రాస్తాయి. మిల్లీమీటరుకి 1 కిలో అంటే అంగుళానికి 56 పౌండ్లని గుర్తుపెట్టుకుంటే చాలు, ఏదైనా పోల్చుకోవచ్చు. ఉదాహరణకి "ముందు 8, వెనక 6" అని అమ్మే జపాన్ కిట్ అంటే ముందు సుమారు 450, వెనక సుమారు 335 పౌండ్లు. కంపెనీ నుంచి వచ్చిన స్ప్రింగులతో పోలిస్తే ఇవి రెండు రెట్లకు మించి గట్టివి. ట్రాక్ మీద తిప్పేవాళ్లకి సరే, రోజూ ఆఫీసుకి వెళ్లే కారుకి నేనైతే వద్దంటాను.

అంకె రెట్టింపైతే బండి రెట్టింపు గట్టిగా అనిపిస్తుందని కూడా అనుకోకండి. శరీరానికి తెలిసేది బండి ఊగే వేగం. అది స్ప్రింగు బలం వర్గమూలంతో పెరుగుతుంది. స్ప్రింగు రెట్టింపైతే ఊగే వేగం సుమారు 40 శాతం పెరుగుతుంది. అందుకే చిన్న మార్పులు కాగితం మీద కనిపించినంతగా సీట్లో తెలియవు.

స్ప్రింగు కోసి కిందకి దించుకోవచ్చా? ఖర్చు లేదు కదా.

కోస్తే కారు దిగుతుంది, స్ప్రింగు గట్టిపడుతుంది కూడా. స్ప్రింగు బలం పనిచేసే చుట్ల సంఖ్యకి విలోమంగా ఉంటుంది, కాబట్టి ఆరు చుట్లలో ఒకటి తీసేస్తే మిగిలినది 20 శాతం గట్టిపడుతుంది. లెక్క బాగానే ఉంది. కానీ కోసిన కొస పీఠంలో సరిగ్గా కూర్చోదు. బండిని జాకీ మీద ఎత్తినప్పుడు, లేదా పెద్ద ఎగుడు మీద చక్రం వేలాడినప్పుడు స్ప్రింగు వదులై పక్కకి తప్పుకునే ప్రమాదం ఉంది. గ్యాస్ మంటతో కోస్తే ఆ వేడికి ఉక్కు పదును పోయి అక్కడే విరుగుతుంది. ఇలా చేసిన కారు అమ్మకానికి కనిపిస్తే మిగతా పనులు కూడా అదే ధోరణిలో జరిగి ఉంటాయని అనుకుని ఒకటికి రెండుసార్లు చూసుకోండి.

ఎంత కిందకి దించొచ్చు?

ఎక్కువ పాడయ్యేది ఇక్కడే, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

ఈ కారుకి నాలుగు మూలలా డబుల్ విష్‌బోన్ సస్పెన్షన్, అంటే ప్రతి చక్రాన్నీ పైనొకటి కిందొకటి రెండు ఆర్ములు పట్టుకుంటాయి. చాలా మంచి డిజైన్. కానీ చక్రం పైకి కదలడానికి ఉన్న చోటు మొదటి నుంచీ తక్కువే. కంపెనీ ఎత్తులోనే పెద్ద గతుకులో బంప్ స్టాప్ తగులుతుంది. మీరు 30 మిల్లీమీటర్లు దించితే ఆ ఉన్న కాస్త చోటులో 30 మిల్లీమీటర్లు పోయినట్టు. ఇక మామూలు రోడ్డు మీద కూడా కారు స్ప్రింగు మీద కాక బంప్ స్టాప్ మీద నడుస్తుంది.

బంప్ స్టాప్ తగిలిన క్షణంలో ఆ మూల గట్టిదనం ఒక్కసారిగా ఎన్నో రెట్లు పెరుగుతుంది. నేరుగా వెళ్లేటప్పుడు నడుముకి దెబ్బ తగులుతుంది, అంతే. వంపులో వేగంగా ఉన్నప్పుడు వెనక మూల ఒకటి ఇలా తగిలితే ఆ టైరు పట్టు హఠాత్తుగా జారి బండి తిరిగిపోవచ్చు. "ఈ కారు చెప్పాపెట్టకుండా తిరుగుతుంది" అనే ఫిర్యాదు వెనక చాలాసార్లు ఉండేది ఇదే. కారు తప్పు కాదు, ఎత్తు తప్పు.

కాబట్టి రోడ్డు మీద నడిపే కారుకి 20 నుంచి 25 మిల్లీమీటర్లు దాటొద్దని నా సలహా. ఇంకా దించాలంటే 1998 నుంచి వచ్చిన రెండో తరం కారు షాకు పై మౌంట్లు (షాకుని బాడీకి పట్టించే భాగాలు) దొరుకుతాయి. అవి మొదటి తరానికి కూడా సరిపోతాయి, షాకు కదలడానికి ఎక్కువ చోటు ఇస్తాయి. వాటితోపాటు నెమ్మదిగా బిగుసుకునే మెత్తటి బంప్ స్టాప్‌లు వేయండి.

ఎత్తు కొలిచేటప్పుడు నేల నుంచి కొలవద్దు, టైరు సైజు మారితే ఆ లెక్క తప్పుతుంది. చక్రం మధ్య నుంచి పైన రేకు అంచు దాకా కొలవండి. పని మొదలుపెట్టే ముందే నాలుగు మూలలూ కొలిచి రాసి పెట్టుకోండి.

కాయిలోవర్లు కొనాలా, స్ప్రింగు-షాకు కిట్ చాలా?

కాయిలోవర్ అంటే ఎత్తుని మరతో మార్చుకోగల స్ప్రింగు-షాకు సెట్టు. ఆ సౌకర్యం ఎంతమంది నిజంగా వాడతారో ఆలోచించండి. బిగించిన రోజు ఒకసారి సరిచేస్తారు, తర్వాత దాని జోలికి ఎవరూ వెళ్లరు. మంచు రోడ్ల మీద ఉప్పు చల్లే ఊళ్లలో అయితే రెండు శీతాకాలాలకి ఆ మరలు తుప్పు పట్టి కదలవు. చవక కాయిలోవర్ కన్నా మంచి షాకు, మితమైన స్ప్రింగు ఎప్పుడూ మేలు. కోనీ పసుపు రంగు షాకుల్లో పైనుంచి నాబ్ తిప్పి రీబౌండ్ (నొక్కుకున్న షాకు తిరిగి సాగేటప్పుడు చూపే బిగువు) మార్చుకోవచ్చు. బిల్‌స్టీన్ కూడా ఈ కారుకి కొత్తేమీ కాదు, 1994 నుంచి అమెరికాలో ఆర్ ప్యాకేజీ అనే స్పోర్ట్ రకం కార్లకి కంపెనీయే ఆ షాకులని వేసింది.

యాంటీ రోల్ బార్లు (ఎడమ, కుడి చక్రాలని కలిపే కడ్డీలు) మారిస్తే చాలదా?

వంపులో ఒరగడం ఒక్కటే మీ ఇబ్బంది అయితే, అవును, అది చవకైన మంచి దారి. ముందు బారు కాస్త లావుది వేస్తే స్టీరింగ్ తిప్పిన వెంటనే బండి స్పందిస్తుంది, నేరుగా వెళ్లేటప్పుడు మెత్తదనం పోదు. లింకుల బుష్‌లు కూడా మార్చండి.

ఇంట్లోనే బిగించుకోవచ్చా?

చేయొచ్చు, పానాలు తిప్పే అలవాటున్నవాళ్లకి ఒక వారాంతం పని. రెండు విషయాల్లో మాత్రం రాజీ పడకండి.

ఒకటి ప్రాణానికి సంబంధించింది. స్ప్రింగు షాకు చుట్టూ నొక్కి బిగించి ఉంటుంది. స్ప్రింగు కంప్రెసర్ అనే పనిముట్టుతో దాన్ని నొక్కి, పై పీఠం చేతికి వదులుగా తిరుగుతోందని చూసుకున్నాకే మధ్య నట్ విప్పాలి. కంప్రెసర్ కొక్కేలు ఒకదానికొకటి సరిగ్గా ఎదురెదురుగా ఉండాలి. మొహం ఎప్పుడూ దాని పైన పెట్టొద్దు. కారు కింద జాకీ మీద నమ్మకం వద్దు, స్టాండ్లు వేయండి. కంప్రెసర్ అంటే భయంగా ఉంటే షాకుల సెట్టు విప్పి షెడ్డుకి తీసుకెళ్లి స్ప్రింగు మార్పించుకు రండి, చాలాచోట్ల చేసిపెడతారు.

రెండోది చాలామంది వదిలేసేది. ఆర్ముల చివరనుండే రబ్బరు బుష్‌లో ఇనుప గొట్టానికి రబ్బరు అతుక్కుని ఉంటుంది. బోల్టు బిగిస్తే గొట్టం అక్కడే లాక్ అవుతుంది, ఆ తర్వాత ఆర్ము కదిలేది రబ్బరు మెలిపడటం వల్లే. చక్రాలు గాల్లో వేలాడుతుండగా బోల్టులు బిగిస్తే, కారు నేల మీదకి దిగగానే ఆ రబ్బరు మెలిపడిపోతుంది, రోజంతా అలాగే ఉంటుంది. బండి కావలసిన దానికన్నా ఎత్తుగా నిలబడుతుంది, బుష్ త్వరగా చిరుగుతుంది. అందుకే బోల్టులు ముందు చేతి బిగువు మాత్రమే ఉంచండి. కారు బరువు చక్రాల మీద పడ్డాక, లేదా లోయర్ ఆర్ము కింద జాకీ పెట్టి చక్రాన్ని అసలు ఎత్తుకి లేపాక, టార్క్ రెంచ్‌తో బిగించండి.

వెనక షాకుల పై నట్లు డిక్కీ లోపలి లైనింగ్ తీస్తేనే కనిపిస్తాయి. లైనింగ్ క్లిప్పులు పెళుసుబారి విరుగుతాయి కాబట్టి ముందే కొన్ని కొత్తవి తెచ్చిపెట్టుకోండి.

అలైన్‌మెంట్ తప్పనిసరా?

తప్పనిసరి. ఎత్తు మారితే క్యాంబర్ (ఎదురుగా చూస్తే చక్రం పక్కకి వాలే కోణం), టో (పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండటం; లోపలికైతే టో-ఇన్) రెండూ మారతాయి. ఈ కారులో ముందూ వెనకా లోయర్ ఆర్ముల బోల్టులకి క్యామ్‌లు (తిప్పితే ఆర్ము కొద్దిగా జరిగే బిళ్లలు) ఉంటాయి, నాలుగు చక్రాలనీ సరిచేసుకోవచ్చు. ఆ కాలపు ఈ ధర కారులో ఇది గొప్ప సంగతి. కాకపోతే ముప్పై ఏళ్లలో ఆ బోల్టులు గొట్టాల్లోనే తుప్పుతో అతుక్కుపోయి ఉండొచ్చు. షాపుకి వెళ్లే వారం ముందు నుంచే వాటికి తుప్పు వదిలించే నూనె కొట్టి, తిరుగుతున్నాయో లేదో చూసుకుని వెళ్లండి. లేకపోతే అక్కడ "తిరగడం లేదు సార్" అని వెనక్కి పంపేస్తారు.

రోడ్డుకి ముందు క్యాంబర్ మైనస్ 1 డిగ్రీ, వెనక మైనస్ 1.5 డిగ్రీలు, ముందూ వెనకా కొద్దిగా టో-ఇన్ మంచి మొదలు. మీ బరువుకి సమానమైన బరువు సీట్లో పెట్టి చేయమనండి. ఇంత తేలికైన కారులో మనిషి బరువు లెక్కలో తేడా తెస్తుంది.

ఇక బ్రేకులు. పెద్ద డిస్కులు వేస్తే కారు తక్కువ దూరంలో ఆగుతుందా?

ఒక్కసారి గట్టిగా తొక్కినప్పుడు ఆగే దూరం తగ్గదు. ఈ ప్రశ్న ఎవరు అడిగినా నేను అడిగేది ఒకటే: ఇప్పుడున్న బ్రేకుతో చక్రం లాక్ అవుతోందా? ఏబీఎస్ ఉంటే, పెడల్ కింద టకటకమని కొడుతోందా? అవుతోందంటే బ్రేకు తన పని చేసేసింది, హద్దు టైరు దగ్గర ఉంది. అంతకన్నా బలమైన బ్రేకు అదే చక్రాన్ని ఇంకాస్త తేలిగ్గా లాక్ చేస్తుంది.

పెద్ద డిస్కు ఇచ్చేది వేడిని మోసే శక్తి. మనిషితో కలిపి 1,100 కిలోల కారుని గంటకి 100 కిలోమీటర్ల వేగం నుంచి ఆపితే సుమారు 420 కిలోజౌళ్ల శక్తి వేడిగా మారాలి. 160 నుంచి ఆపితే అది రెండున్నర రెట్లు. కొండ దిగుతూ వంపు వంపుకీ ఇలా తొక్కుతుంటే చిన్న డిస్కు చల్లారే లోపే మళ్లీ వేడెక్కుతుంది, డిస్కుని అదిమే ప్యాడ్ పట్టు పోతుంది, ఆయిల్ మరుగుతుంది. ట్రాక్ డేలకి వెళ్లేవాళ్లకి, ఘాట్ రోడ్ల మీద గట్టిగా నడిపేవాళ్లకి పెద్ద డిస్కు నిజంగా పనికొస్తుంది. ఊళ్లో తిరిగే కారుకి మంచి ప్యాడ్లు, కొత్త ఆయిల్ చాలు.

ముందు మాత్రమే పెద్ద బ్రేకులు వేసి వెనక అలాగే వదిలేస్తే ఇంకో నష్టం ఉంది. ముందు చక్రాలు తొందరగా లాక్ అవుతాయి, వెనక బ్రేకులు చేయగలిగిన పని చేయవు. ఆగే దూరం పెరగొచ్చు కూడా. నాలుగూ కలిపి మార్చండి.

నాది 1.6 ఇంజిన్ కారు. 1.8 కారు బ్రేకులు సరిపోతాయా?

సరిపోతాయి. ఈ కారుకి అన్నిటికన్నా తెలివైన బ్రేక్ అప్‌గ్రేడ్ ఇదేనని నా అభిప్రాయం. మొదటి 1.6 కార్లకి ముందు 235, వెనక 231 మిల్లీమీటర్ల డిస్కులు. 1994 మోడల్ 1.8 నుంచి ముందు 255, వెనక 251. నాలుగు చక్రాలకీ డిస్కులు, ప్యాడ్లు, క్యాలిపర్లు (ప్యాడ్లని డిస్కుకి నొక్కే భాగాలు) వాటి బ్రాకెట్లతో సహా ఒకే సెట్టుగా పాత కార్ల యార్డులో తీసుకుంటే తలనొప్పి ఉండదు. కంపెనీ 14 అంగుళాల చక్రాలు అలాగే ఉంటాయి. ముందూ వెనకా నిష్పత్తి కూడా చెడదు.

బ్రిటన్‌లో 1995 తర్వాత కూడా 1.6 కార్లు అమ్మారు. పైగా ఇన్నేళ్లలో ఎవరు ఏం మార్చారో తెలియదు. కాబట్టి సంవత్సరం చూసి ఆర్డర్ పెట్టకండి, చక్రం విప్పి డిస్కు కొలవండి.

ఇంకా పెద్దవి కావాలంటే 2001 తర్వాతి రెండో తరం కార్ల స్పోర్ట్ బ్రేకులు ఉన్నాయి, ముందు 270, వెనక 276 మిల్లీమీటర్లు. వాటికి 15 అంగుళాల చక్రాలు కావాలి, అవి కూడా కొన్ని డిజైన్లే క్యాలిపర్‌కి తగలకుండా తిరుగుతాయి. ముందే కొలుచుకోండి.

రంధ్రాలున్న డిస్కులు మంచివా?

రోడ్డు కారుకి సాదా డిస్కులే మంచివి. రంధ్రాల వల్ల వేడిని మోసే ఇనుము తగ్గుతుంది, గట్టిగా వాడితే రంధ్రాల అంచుల నుంచి పగుళ్లు మొదలవుతాయి. అందం కోసం కొంటున్నారంటే అది వేరే సంగతి.

ఏ ప్యాడ్లు, ఏ ఆయిల్?

ట్రాక్ కోసం చేసిన ప్యాడ్లు వేడెక్కితేనే పట్టుకుంటాయి. పొద్దున్నే ఇంటి నుంచి బయల్దేరి మొదటి సిగ్నల్ దగ్గర తొక్కితే అవి పట్టవు. రోడ్డుకి రోడ్డు ప్యాడ్లే వేయండి.

ఆయిల్ డాట్ 4 వాడండి. నిబంధనల ప్రకారం కొత్త డాట్ 4 కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. గాలిలో తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 155కి దిగుతుంది. డాట్ 3కి ఇవే 205, 140. డాట్ 5.1కి 260, 180. ఈ మూడూ ఒకే జాతివి, కలిసినా ఫర్వాలేదు. డాట్ 5 మాత్రం సిలికాన్, పేరు దగ్గరగా ఉన్నా పూర్తిగా వేరు, దీనిలో పోయకండి. రెండేళ్లకోసారి ఆయిల్ మార్చడం ఏ అప్‌గ్రేడ్ కన్నా చవకైన పని. అది పెయింట్‌ని తినేస్తుంది, రెక్క మీద చుక్క పడితే వెంటనే నీళ్లతో కడిగేయండి.

వెనక క్యాలిపర్ పిస్టన్ లోపలికి వెళ్లడం లేదు. ఏం చేయాలి?

బలవంతం చేయకండి. వెనక క్యాలిపర్‌లోనే హ్యాండ్ బ్రేక్ మర ఉంటుంది, క్లాంప్‌తో నొక్కితే ఆ మర పాడవుతుంది. క్యాలిపర్ వెనకవైపు ఒక బోల్టు కనిపిస్తుంది. దాన్ని విప్పితే లోపల 4 మిల్లీమీటర్ల అలెన్ కీ పట్టే మర ఉంటుంది. ఎడమవైపుకి తిప్పుతుంటే పిస్టన్ దానంతట అదే వెనక్కి వెళుతుంది. కొత్త ప్యాడ్లు వేశాక కుడివైపుకి తిప్పి, ప్యాడ్ డిస్కుని తాకేదాకా తెచ్చి, చక్రం స్వేచ్ఛగా తిరిగేంత వెనక్కి కొద్దిగా వదలండి. బోల్టు మళ్లీ బిగించండి. ఈ సర్దుబాటు చేయకపోతే హ్యాండ్ బ్రేక్ ఎంత లాగినా పట్టదు.

పనిలో పనిగా స్లైడ్ పిన్నులు (క్యాలిపర్ జారే కడ్డీలు) బయటకి లాగి చూడండి. చేత్తో లాగితే రావాలి. రాకపోతే ఒక ప్యాడే అరుగుతూ ఉంటుంది. శుభ్రం చేసి సిలికాన్ గ్రీజు రాయండి.

అన్నీ మార్చాక కూడా పెడల్ మెత్తగానే ఉంది. ఎందుకు?

మొదట గాలి. మాస్టర్ సిలిండర్‌కి (పెడల్ తొక్కితే ఆయిల్‌ని నెట్టే సిలిండర్) ఎక్కువ దూరంలో ఉన్న చక్రం నుంచి మొదలుపెట్టి మళ్లీ బ్లీడ్ చేయండి, అంటే క్యాలిపర్ నిపిల్ విప్పి ఆయిల్‌తోపాటు గాలిని బయటకి పంపండి. క్యాలిపర్లు ఎడమా కుడీ మారిపోయి బ్లీడ్ నిపిల్ కిందవైపు వచ్చిందేమో చూడండి, అలా ఉంటే గాలి ఎప్పటికీ బయటకి రాదు. గాలి లేదంటే పాత రబ్బరు గొట్టాలు. తొక్కినప్పుడు అవి ఉబ్బుతాయి. ఇంకొకరిని పెడల్ తొక్కమని, గొట్టం చుట్టూ వేళ్లు పెట్టి పట్టుకుంటే ఉబ్బు చేతికి తెలుస్తుంది. పెడల్ నొక్కి పట్టుకుంటే నెమ్మదిగా కిందకి దిగిపోతూ ఉంటే మాస్టర్ సిలిండర్ పోయినట్టు, ఆ కారుని నడపకండి.

కొత్త ప్యాడ్లకి బెడ్డింగ్ (డిస్కుకి అలవాటు చేయడం) ఎలా?

ఖాళీ రోడ్డు మీద గంటకి 60 మైళ్ల నుంచి 10 మైళ్ల దాకా గట్టిగా, లాక్ కాకుండా, వరుసగా ఎనిమిది పది సార్లు తగ్గించండి. పూర్తిగా ఆగొద్దు. తర్వాత బ్రేకు ముట్టుకోకుండా పది నిమిషాలు నడిపి చల్లారనివ్వండి. ప్యాడ్ కంపెనీ వేరే పద్ధతి చెబితే అదే చేయండి.

చట్టం, ఇన్సూరెన్స్ సంగతి?

బ్రిటన్‌లో ఈ మార్పులు ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పాలి. చెప్పకపోతే ప్రమాదం జరిగినప్పుడు క్లెయిమ్ తిరస్కరించే వీలుంది. జర్మనీలో అయితే స్ప్రింగుకి ఆమోద పత్రం ఉండాలి, చాలావాటికి బిగించాక తనిఖీ కూడా అవసరం. పత్రం లేని స్ప్రింగు ఎంత చవకగా వచ్చినా కొనకండి. ఇండియాలో ఈ కారుని మాజ్డా ఎప్పుడూ అమ్మలేదు. హైదరాబాద్‌లో వేరే పాత కారుకి ఇలాంటి పనులు చేయాలనుకునేవాళ్లు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చదువుకోండి, ఆర్‌సీలోని వివరాలకి భిన్నంగా బండిని మార్చడం గురించి అందులో ఉంది.

విప్పిన పాత భాగాలు పారేయొచ్చా?

స్ప్రింగులు, మౌంట్లు, క్యాలిపర్లు పారేయకండి. ఏ మూలది ఏదో చీటీ కట్టి, కొద్దిగా నూనె రాసి, డబ్బాలో పెట్టండి. కంపెనీ నుంచి వచ్చినట్టే ఉన్న మొదటి తరం కార్లకి గిరాకీ పెరుగుతోంది. మాజ్డాయే 2017లో జపాన్‌లో ఈ కార్లని పునరుద్ధరించే కార్యక్రమం ప్రకటించి, ఆగిపోయిన కొన్ని భాగాలని మళ్లీ తయారుచేయిస్తోంది. రేపు మీరు అమ్మాలనుకున్నా, కొత్త స్ప్రింగులు నచ్చక వెనక్కి వెళ్లాలనుకున్నా ఆ డబ్బా అక్కరకొస్తుంది. షాకులు నూనె కారుతుంటే మాత్రం దాచి లాభం లేదు, స్క్రాప్‌కి ఇచ్చేయండి.